మూడో వరస తాళాలు

ఇలా దగ్గరికి జరగండి, ఆ కుర్చీ లాక్కోండి. నా గొంతు ఇదివరకట్లా లేదు, దూరంగా కూర్చుంటే సగం మాటలు గాలికి పోతాయి. మన మస్కోగీ ఊరి గాలి సంగతి మీకు నేను చెప్పాలా. వెర్నా టాకెట్ సంగతి చెబుతాను. రైలు పట్టాల పక్క వీధిలో ఎర్ర ఇటుకల మేడ ఉంది చూశారూ, రెండంతస్తులది, ఎనిమిది వాటాలది, అది ఇరవై ఏడేళ్ళు ఆవిడదే. మొదట ఆవిడదీ మొగుడు డ్వైట్‌దీ, డ్వైట్ పోయాక నాలుగేళ్ళు ఆవిడొక్కతిదీ.

మేడ ఉన్నవాళ్ళకేం, నెల తిరిగేసరికి అద్దెలొస్తాయి అనుకుంటారు చూసేవాళ్ళు. వస్తాయి. అద్దెతోపాటు మనుషులు కూడా వస్తారు. ఒకటో నంబరులో ఉండే ఆవిడ పై వాటా పిల్లలు గెంతుతున్నారని చెప్పేది. పై వాటావాళ్ళు కిందావిడ చీపురు కర్రతో కప్పు పొడుస్తోందని చెప్పేవారు. పై అంతస్తులో మూడో నంబరులో రూఫస్ అని ఒకాయన ఉండేవాడు. ఏట్లోకి దిగి ఒట్టి చేతుల్తో క్యాట్‌ఫిష్ చేపల్ని పట్టుకొచ్చి, పండగదాకా బతికుండాలని వాటిని స్నానాల తొట్టిలో వదిలేవాడు. ఓసారి వాటిలో ఒకటి తోకతో కొట్టి కుళాయి విరగ్గొట్టింది. రెండు వాటాల కప్పులు కారాయి. వెర్నా ఆ చేపని తువ్వాల్లో చుట్టి, బకెట్టులో వేసి, కుళాయి మార్చి, రూఫస్‌ని ఒక్క మాటా అనకుండా ఇంటికొచ్చింది. అనే ఓపిక లేదు. అప్పటికి ఆవిడకి అరవై మూడు.

అరవై ఆరొచ్చేసరికి మోకాళ్ళు మెట్లని ముందే లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. పద్నాలుగు మెట్లు ఎక్కాలంటే కింద నిలబడి ఒకసారి పైకి చూసేది. తలుపు తట్టేముందు ఇంకోసారి ఆగేది. లోపలివాళ్ళు ఏం చెబుతారో ఆవిడకి ముందే తెలుసు. వాళ్ళు చెప్పడం మొదలుపెట్టకముందే తలూపుతూ ఉండేది. అలసటంటే పని ఎక్కువై వచ్చేదని అందరూ అనుకుంటాం గానీ, అదే పనిని పదిహేడోసారి చేస్తున్నప్పుడు వచ్చేది వేరు. అది పడుకుంటే పోదు.

నవంబరులో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగనాడు తెగింది ఆవిడ ఓపిక తాడు. ఈ ఊళ్ళో ఆ రోజు ప్రతి ఇంట్లో టర్కీ కోడి కాలుతుంది, ప్రతి సింకులో కొవ్వూ బంగాళాదుంప తొక్కలూ పడతాయి. ప్లంబర్లకి ఏడాది మొత్తంలో అంత గిరాకీ ఇంకే రోజూ ఉండదు, ఫోను చేస్తే రేపు రమ్మంటారా అంటారు. ఆరో నంబరులో సింకు నిండి వంటగది నేలంతా జిడ్డు నీళ్ళు. వెర్నా తన పీకన్ గింజల మిఠాయి కాల్చడం సగంలో ఆపి, ఓవెన్ కట్టేసి, పైపు తిప్పే పానా పట్టుకుని వెళ్ళింది. సింకు కింద వెల్లకిలా పడుకుని రెండు గంటలు. ఆ వాటావాళ్ళు మంచివాళ్ళే పాపం, ఆవిడ కాళ్ళ పక్కనించే దాటుకుంటూ వెళ్ళి భోజనానికి కూర్చున్నారు, ఆవిడక్కూడా ఒక పళ్ళెం పెట్టి మూత వేశారు. ఆ సింకు కింద పడుకుని, వాళ్ళు చేతులు పట్టుకుని ప్రార్థన చెప్పుకోవడం వింటూ, ఇక చాలు అనుకుంది వెర్నా. కోపంతో అనుకున్నది కాదు. అందుకే అది మారలేదు.

ఆ సాయంత్రం డ్వైట్ తమ్ముడు ఆర్విల్ వచ్చాడు. కార్లకి ఇన్సూరెన్సు అమ్ముతాడు, ప్రతి సంగతికీ ఒక ఉపాయం చెబుతాడు, తన సంగతికి మాత్రం దొరకదు. వదినగారు మేడ అమ్మేస్తానంటే ఎగిరి గంతేశాడు. అమ్మేసి సామాను గదులు కొనమన్నాడు. ఈ దేశంలో మనుషులకి ఇళ్ళు చాలవు, సామానుకీ వేరే ఇళ్ళు కావాలి. రేకుల కప్పు కింద వరసగా గదులు, పైకి లేచే ఇనప తలుపులు, నెలనెలా అద్దె. ఎవరి తాళం వాళ్ళు వేసుకుంటారు.

"సామానుకి ఆకలెయ్యదు వదినా. సింకులో కొవ్వు పొయ్యదు. పక్కింటి సామాను గెంతుతోందని ఫోను చెయ్యదు. ఒక తలుపు, ఒక తాళం, నెలకో చెక్కు."

"అంత బాగుంటే నువ్వెందుకు కొనలేదోయ్?"

"అమ్మడానికి నాకు మేడేదీ? మా అన్నయ్య నీకు కదా వదిలి వెళ్ళింది."

ఇలాంటి చురకలు ఆర్విల్ నవ్వుతూనే వేస్తాడు. వెర్నా కూడా నవ్వింది. కానీ ఆ చలికాలమంతా ఆవిడ బుర్రలో అదే తిరిగింది. వాటా ఖాళీ అయితే గోడలకి రంగు, నేలకి కొత్త తివాచీ, పొయ్యి వెనక తోముడు, నెలన్నర అద్దె పోవడం. సామాను గది ఖాళీ అయితే చీపురుతో ఒక ఊపు, అంతే, సాయంత్రానికి ఇంకొకళ్ళు. అద్దె ఇవ్వని మనిషిని ఖాళీ చేయించాలంటే కోర్టు, జడ్జి, ఆ మనిషి పిల్లలు ఆవిడ మొహంలోకి చూడటం. సామానైతే వాళ్ళ తాళం మీద మన ఎర్ర తాళం ఒకటి బిగించడం, గడువు దాటితే వేలం వేయడం. వాటాకి నలభై డాలర్లు పెంచితే ముఖాలు మాడ్చుకుంటారు, సామాను గదికి అయిదు పెంచితే అయిదు డాలర్ల కోసం ఎవరూ సోఫా మోసుకుపోరు.

అటుపక్క కూడా ఆలోచించకపోలేదు. తల మీద కప్పు లేకుండా మనిషి ఉండలేడు, సోఫా లేకుండా ఉండగలడు. రోజులు బాగా లేకపోతే ముందు వదిలేది సామాను గదినే. ఇంకో సంగతి, మేడ కట్టడం కష్టం, రేకుల షెడ్డు మూడు నెలల్లో లేస్తుంది, ఎదురుగా ఎవరైనా లేపొచ్చు. ఇవన్నీ ఆవిడకి తెలుసు. తెలిసినా, అక్కడ సింకులు లేవు అన్న ఒక్క మాట ముందు ఇవన్నీ నిలబడలేదు.

ఫిబ్రవరి మొదట్లో మేడ అమ్ముడైపోయింది, టల్సా పట్నంనించి వచ్చిన నర్సు దంపతులకి. కుర్రవాళ్ళు, మెట్లు రెండేసి ఎక్కుతున్నారు.

ఇక్కడ పన్ను సంగతి ఒక్కటి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. అద్దెకిచ్చిన ఆస్తిని అమ్మి, ఆ డబ్బు చేత్తో తాకకుండా మధ్యవర్తి దగ్గర ఉంచి, నలభై అయిదు రోజుల్లోగా ఫలానా ఆస్తి కొంటానని పేరు రాసిచ్చి, తర్వాత గడువులోగా దాన్ని కొంటే, అమ్మకంలో వచ్చిన లాభం మీద సర్కారు ఇప్పటికి పన్ను అడగదు. మూడు పేర్లదాకా రాయొచ్చు. నలభై అయిదో రోజు దాటితే మార్చడానికి వీల్లేదు. రాయకపోతే పన్ను కట్టాలి. వెర్నాకైతే డెబ్భై వేల డాలర్లదాకా అవుతుందని లెక్కలు చూసే ఆవిడ చెప్పింది. ఈ ఊళ్ళో జనానికి ఆ పన్నంటే ఎలా ఉంటుందంటే, అది తప్పించుకోవడానికి కార్లు కడిగే కూలిపోయే షెడ్డుని కొన్నవాళ్ళు ఉన్నారు, పాములున్న మోటెల్ కొన్నవాళ్ళు ఉన్నారు. పాములైనా నయమే అంటారు.

ఆర్విల్ వెదికి పట్టుకున్నది హాలిస్ రాగ్స్‌డేల్ సామాను గదుల్ని. ఊరికి తూర్పున, పాత హైవే మీద, నాలుగు వరసలు, నూట పద్దెనిమిది తలుపులు. హాలిస్ డెబ్భై దాటినవాడు, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో, చర్చిలో వెనక బల్ల మీద కూర్చునే మనిషి. నూట నాలుగు గదులు నిండి ఉన్నాయన్నాడు. లెక్కల పుస్తకాలు సర్దుతున్నాను, సంతకాలు పెట్టేలోపల ఇస్తానన్నాడు. ఆర్విల్ తలుపుల వెంట నడిచి తాళాలు లెక్కపెట్టాడు. సరిగ్గా నూట నాలుగు. తాళాలు లెక్కపెట్టడమే ఈ వ్యాపారంలో కొనేవాళ్ళు చేసే పని. తాళముంటే అద్దెకున్నట్టు, లేకపోతే ఖాళీ.

అప్పటికి ముప్ఫై ఎనిమిది రోజులు అయిపోయాయి. వెర్నా మాత్రం ఒక షరతు పెట్టింది. వారం రోజులు పగలు ఆ ఆఫీసు గదిలో కూర్చుంటాను, తర్వాత పేరు రాసిస్తాను అంది. హాలిస్ సరేనన్నాడు, డోనట్లు తెస్తానన్నాడు.

మొదటి రోజు ఉదయం ఇద్దరొచ్చారు. ఒకాయన పడవ మోటారు తీసుకుని పోయాడు, ఒకావిడ క్రిస్మస్ అలంకరణల డబ్బా పెట్టి పోయింది. ఇద్దరూ చెయ్యి ఊపారు, అంతే. ఆ తర్వాత ఎవరూ రాలేదు. కిటికీలోంచి ఎండ పడుతోంది, బయట ఎర్రమట్టి మీద గాలి సన్నగా లేస్తోంది. కుర్చీలో కూర్చుని కూర్చుని వెర్నా నిద్రపోయింది. పగటిపూట ఆవిడ నిద్రపోయి ఎన్నేళ్ళైందో ఆవిడకే గుర్తులేదు. మూడు గంటలు పడుకుంది, నోరు తెరుచుకుని. లేచేసరికి ఒళ్ళో ఒక కాగితం రుమాలు మీద డోనట్టు ఉంది, హాలిస్ పెట్టి వెళ్ళాడు. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. ఈ గదులు నాకు కావాలి అనుకుంది. డబ్బు కోసం కాదు, ఆ మూడు గంటల కోసం.

నాలుగు రోజులు అలాగే గడిచాయి. అయిదో రోజు కాళ్ళు పట్టేశాయని వరసల వెంట నడిచింది.

మేడలో ఇరవై ఏడేళ్ళు తిరిగిన మనిషి కదా, తలుపులు చూసే అలవాటు పోదు. ఎనిమిది తలుపుల్లో ఎవరి తలుపు వాళ్ళదే. ఒకళ్ళు పూలదండ వేలాడదీస్తారు, ఒకళ్ళు ఫుట్‌బాల్ జట్టు జెండా, ఒకళ్ళు బూట్లు బయటే వదులుతారు. మొదటి రెండు వరసల్లో తాళాలు కూడా అలాగే ఉన్నాయి. ఒకటి తుప్పు పట్టింది, ఒకటి అంకెలు తిప్పేది, ఒకదానికి గోళ్ళ రంగు చుక్క పెట్టి గుర్తు పెట్టుకున్నారు, ఒకళ్ళు ఒకటి చాలదని రెండు వేశారు. వెర్నా వాటిని చూస్తూ ఎవరు ఎలాంటి మనుషులో ఊహించుకుంటూ నడిచింది.

మూడో వరసలోకి తిరిగింది. ముప్ఫై ఒక్క తలుపులకి ఒకే రకం తాళాలు. గుండ్రటివి, మెరుస్తున్నవి, కొత్తవి. అన్నిటి తాళంచెవి రంధ్రమూ ఎడమవైపుకే ఉంది. ముప్ఫై ఒక్కమంది మనుషులు ఒకే కొట్లో ఒకే తాళం కొని, ఒకే వైపుకి తిప్పి వేయరు. అది ఒక్క చెయ్యి వేసిన పని.

వెర్నా ఒక తలుపుని వేలి మెటికలతో తట్టింది. లోపల శబ్దం చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చింది. పక్కది తట్టింది. మూడోది తట్టడానికి చెయ్యెత్తి, దించేసింది.

ఆ సంగతి ఆ రోజు ఎవరికీ చెప్పలేదావిడ. అది బుధవారం, చర్చిలో సాయంత్రం భోజనాలు, ఆర్విల్ ఎదురుగానే కూర్చున్నాడు, గదుల గురించే మాట్లాడాడు. వెర్నా బీన్సు తింటూ ఊఁ కొట్టింది. మోసపోతున్నానని తెలియక కాదు. తెలియనట్టు ఉండిపోతే బాగుండునని. ఆ కుర్చీ, ఆ ఎండ, ఆ నిద్ర. అందులో డెబ్భై మూడు గదులైనా నిజంగా నిండి ఉన్నాయి కదా అని తనకి తనే చెప్పుకుంది. తనకి తను చెప్పుకోవలసి రావడమే బాగాలేదు.

మర్నాడు పొద్దున్నే హాలిస్ కాఫీ పోస్తుంటే అడిగింది.

"హాలిస్ గారూ, మూడో వరస తాళాలు ఎవరివి?"

ఆయన కాఫీ కూజా పక్కన పెట్టాడు. అబద్ధం చెప్పడానికి ఒక క్షణం వెతుక్కున్నట్టు కనిపించింది, దొరకలేదు కాబోలు.

"నావే."

తర్వాత మెల్లగా చెప్పుకొచ్చాడు. రెండేళ్ళ కిందట కొత్త హైవే దగ్గర పెద్ద కంపెనీ ఒకటి చల్లటి గాలి మిషన్లు పెట్టిన గదులు కట్టింది, ఇక్కడ అద్దెకున్నవాళ్ళు వరసకి వరస అటు వెళ్ళిపోయారు. ఖాళీ తలుపుల మధ్య తమ సామాను ఉంచడానికి మిగిలినవాళ్ళు భయపడుతున్నారు, దొంగలొస్తారేమోనని. అందుకని ఒక పెట్టెడు తాళాలు కొని వేశాడు. మిగిలినవాళ్ళు నిలిచారు. కిటికీలోంచి చూస్తే తనకీ కాస్త ధైర్యంగా ఉండేదట. భార్య వృద్ధుల సంరక్షణ ఇంట్లో ఉంది, మొగుణ్ణి గుర్తుపట్టదు, ఆ ఖర్చు నెలనెలా. అమ్మకానికి పెట్టినప్పుడు తాళాలు తీసేద్దామనే అనుకున్నాడు. మీ మరిది లెక్కపెట్టి నూట నాలుగు అనేసరికి, కాదని చెప్పలేకపోయానన్నాడు.

"నేను అబద్ధం ఆడదామని వెయ్యలేదు వెర్నా గారూ. కానీ తియ్యలేదు. ఆ తియ్యకపోవడమే అబద్ధం. నాకు తెలుసు."

ధర తగ్గిస్తానన్నాడు. ఎంత తగ్గించాలో మీరే చెప్పండన్నాడు. వెర్నా కిటికీలోంచి మూడో వరస వైపు చూసింది. తగ్గించిన ధరకి మంచి బేరమే అది, కుర్రతనంలో అయితే వదిలేది కాదు. కానీ నలభై అయిదు ఖాళీ గదుల్ని నింపాలి. బోర్డులు రాయించాలి, ఫోన్లు ఎత్తాలి, గాలి మిషన్లవాళ్ళతో పోటీ పడాలి. సింకులు లేవు, నిజమే. సింకులు లేవని మెట్లు లేకుండా పోలేదు. అవి ఇక్కడ వేరే రూపంలో ఉన్నాయి.

తర్వాత వచ్చేవాళ్ళు అడగకముందే మీరే చెప్పండి అని ఆయనతో అంది. కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి, ఇంటికొచ్చింది.

మర్నాడు నలభై అయిదో రోజు. పేరు రాసిన కాగితం సాయంత్రం అయిదింటికల్లా మధ్యవర్తి ఆఫీసులో ఉండాలి. ఆర్విల్ మూడింటికే వచ్చి వెర్నా వంటగది బల్ల దగ్గర కూర్చున్నాడు. సంగతి విన్నాడు, హాలిస్‌ని నాలుగు తిట్టాడు, తాళాలు లెక్కపెట్టింది తనే కదా అని గుర్తొచ్చి ఆపేశాడు. జేబులోంచి ఒక కాగితం తీశాడు. అందులో మూడు పేర్లు రాసుకొచ్చాడు. తగ్గించిన ధరకి హాలిస్ గదులు, పునాది కుంగిన నాలుగు వాటాల ఇల్లు ఒకటి, హైవే పక్క కార్లు కడిగే షెడ్డు ఒకటి.

"మూడూ రాసిచ్చెయ్ వదినా. తర్వాత ఏదో ఒకటి కొందాం. ముందు పన్ను తప్పుతుంది."

"ఏదో ఒకటి కొని?"

"కొని నడుపుతావు. నువ్వు నడపలేనిదేముంది? ఇరవై ఏడేళ్ళు నడిపావు."

"అదేనోయ్. ఇరవై ఏడేళ్ళు నడిపాను."

ఆర్విల్‌కి అది జవాబులా అనిపించలేదు. డెబ్భై వేలు అన్నాడు. ఊళ్ళో ఏమనుకుంటారన్నాడు. మా అన్నయ్య చెమటోడ్చిన డబ్బు ఊరికే సర్కారుకి పోస్తావా అన్నాడు. ఆ ఆఖరి మాటకి వెర్నా తలెత్తింది.

"చెమట ఇద్దరిదీ. మీ అన్నయ్యది పోయింది, నాది ఇంకా కారుతోంది. చూడు ఆర్విల్, నలభై అయిదు రోజులుగా ఇది కొంటే ఎంత, అది కొంటే ఎంత అని చెబుతున్నారు అందరూ. ఏదీ కొనకుండా కూర్చుంటే ఎంతవుతుందో ఎవరూ చెప్పలేదు. డెబ్భై వేలవుతుంది. నాకు ఖరీదే. కానీ అదొక్కటే నాకు కావలసింది."

ఆర్విల్ కలం ఆవిడ ముందు పెట్టి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. నాలుగైంది. నాలుగున్నరైంది. వెర్నా లేచి ఫ్రిజ్‌లోంచి నిన్నటి మెత్తటి బిస్కెట్ రొట్టెలు తీసింది, గ్రేవీ వెచ్చబెట్టింది, మరిదికి ఒక పళ్ళెం పెట్టింది. అతను తిననన్నాడు, తర్వాత తిన్నాడు. తింటున్నంతసేపూ గోడ గడియారం వైపు చూస్తూనే ఉన్నాడు. వెర్నా ఒక్కసారీ చూడలేదు. అయిదు దాటిందని అతని మొహం చూసి తెలుసుకుంది.

సంతోషం పొంగి వచ్చిందా అంటే, రాలేదు. డెబ్భై వేలు మిగలాలంటే ఆవిడకి రాత్రింబగళ్ళు ఎనిమిదేళ్ళ పని. లేచి మరిది పళ్ళెం కడిగింది. ఆర్విల్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పది రోజులు రాలేదు. ఊళ్ళో రెండు నెలలు అదే మాట, వెర్నాకి మతి పోయిందని, పన్ను ఎవరైనా కడతారా అని. ఎదురుపడినవాళ్ళు జాలిగా చూసేవారు, ఆవిడ తలూపి పోయేది. మిగిలిన డబ్బు బ్యాంకులో వేసింది. దాని వడ్డీ మేడ అద్దెల్లో సగం కూడా రాదు. పేపర్లో తగ్గింపు కూపన్లు కత్తిరించుకుని సరుకులు తెచ్చుకుంటుంది. మోకాళ్ళు ఇప్పటికీ నొప్పే. కానీ ఆవిడ నడక చూడండి, తొందర లేని మనిషి నడక అది.

ఈ కథ గుర్తుంచుకోండి. మీ ఇళ్ళల్లో ఎవరైనా రెంటిలో ఏది కొందామని లెక్కలేసుకుంటూ కూర్చుంటే, నడిపేది ఎవరు, ఆ మనిషికి ఓపికెంత ఉందని ముందు అడగండి, వెర్నా సంగతి చెప్పండి. చెప్పేటప్పుడు హాలిస్‌ని మాత్రం దొంగని చెయ్యకండి. తర్వాత వచ్చిన కొనేవాణ్ణి ఆయనే మూడో వరస దగ్గరికి తీసుకెళ్ళి, ముప్ఫై ఒక్క తాళాలూ ఒక్కొక్కటే తీసి చూపించాడు. అది కూడా చెప్పండి, మరిచిపోకుండా.